అటక మీది వయొలిన్ మళ్లీ దించేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

చిన్నప్పుడు నాలుగైదేళ్లు నేర్చుకుని, పదో తరగతి పరీక్షలకో పెళ్లికో ఆపేసి, పదిహేనేళ్ల తర్వాత మళ్లీ వయొలిన్ పెట్టె తెరిచేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. నిజానికి వాళ్లకన్నా ఇంట్లోవాళ్లు చదివితే ఎక్కువ ఉపయోగం. ఆ పెట్టె తెరిపించేదీ, మళ్లీ మూయించేదీ చాలాసార్లు వాళ్ల మాటే.

అపోహ: ఇన్నేళ్లు ముట్టకపోతే విద్య పోయినట్టే.

పోదు. సరళీ స్వరాలు, గీతాలు, ఒకటి రెండు వర్ణాల ఎత్తుగడలు చేతికి గుర్తుంటాయి. వేళ్ల కొసల చర్మం మెత్తబడుతుంది, చిటికెన వేలు సాగదు, కమాను, అంటే తీగల మీద లాగే వెంట్రుకల కర్ర, వంకర పోతుంది. అన్నిటికన్నా ముందు మేలుకునేది చెవి. మాయామాళవగౌళ రాగంలో గాంధారం (గ) దిగిపోతోందని రెండో రోజే తెలిసిపోతుంది. దాన్ని సరిచేయడం వేలికి మూడు నాలుగు వారాల పని. మానేసేవాళ్లు సాధారణంగా ఈ వారాల్లోనే మానేస్తారు.

అపోహ: "బ్రహ్మాండంగా ఉంది" అంటూ ఉంటే ఉత్సాహం అదే వస్తుంది.

చెడగొట్టేది ఇదే. తను వాయించింది అపస్వరమని తన చెవికి తెలుస్తూనే ఉంటుంది. అప్పుడు మీరు బ్రహ్మాండం అంటే, మీకు తెలియదనో, జాలి పడుతున్నారనో అనుకుంటారు. ఆ తర్వాత మీరు నిజంగా మెచ్చుకున్నా నమ్మరు.

సంగీతం రానివాళ్లు కూడా చెప్పగలిగిన మాటలుంటాయి. "నిన్న దిగేటప్పుడు మధ్యలో ఆగావు, ఈరోజు ఆగలేదు." "చివర్లో గరగర తగ్గింది." జరిగింది జరిగినట్టు చెబితే అది నిలుస్తుంది. అంతకన్నా గట్టిది ఒక చిన్న పని అప్పగించడం: "ఆదివారం పొద్దున ఏడింటికి ఆ మలహరి గీతం ఒక్కటీ వాయించమ్మా, కాఫీ తాగుతా వింటా." ఇక అన్నిటికన్నా గట్టిది, "ఆ అరగంట కుక్కరు సంగతి నేను చూసుకుంటాలే, టీవీ కట్టేస్తా" అనడం. మా లెక్కలో వంద పొగడ్తలకి ఇది సమానం.

మొదటి నెలలో చుట్టాల ముందు "మా కోడలు వయొలిన్ వాయిస్తుంది, ఏదీ ఒకటి వాయించు" అనొద్దు. పక్కింటి పిల్లతో పోలిక అసలే వద్దు.

నెల్లూరులో సంగీత నృత్య పాఠశాలకి ఎవరి పేరుందో, ఆ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సంగతే చూడండి. గూడూరులో ఆయన పాట విని సినిమాల్లో ప్రయత్నించమన్నది ఎస్. జానకి. చేతిలో పాట పెట్టి 1966లో రికార్డు చేయించింది సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి. మాట ఒకరిది, పని ఒకరిది. రెండోది లేకుండా మొదటిది ఎంతకాలం నిలుస్తుందో ఊహించుకోండి.

అపోహ: దించి దుమ్ము తుడిచి శ్రుతి చేసుకుంటే అయిపోయింది.

ఆగండి. ముందు వయొలిన్ని మెల్లగా అటూ ఇటూ వంచండి. లోపల ఏదో దొర్లిన చప్పుడు వస్తే సౌండ్ పోస్టు, అంటే లోపల నిలబడి ఉండే చిన్న చెక్కపుల్ల, పడిపోయినట్టు. అప్పుడు తీగ బిగిస్తే పైచెక్క కుంగి చీలొచ్చు. నేరుగా రిపేరుకి ఇవ్వండి. తర్వాత అంచుల వెంట వేలి కణుపుతో తట్టండి. ఒకచోట బొంగురుగా మోగితే అక్కడ జిగురు వదిలింది. మన సముద్రతీరపు ఉక్కకి ఇది మామూలే.

అన్నీ బాగుంటే తీగలు ఒక్కొక్కటిగా మార్చండి. నాలుగూ ఒకేసారి విప్పితే బ్రిడ్జి, అంటే తీగల్ని ఎత్తి పట్టే చెక్క, పడుతుంది, దాంతోపాటు సౌండ్ పోస్టూ పడొచ్చు. బిగించేకొద్దీ బ్రిడ్జి బిరడల వైపు, అంటే తీగలు చుట్టి తిప్పే మేకుల వైపు, వాలుతుంది. ప్రతి తీగ తర్వాత రెండు చేతులతో పట్టుకుని నిటారు చేయండి. మొదటి రోజు మీ మామూలు శ్రుతికి అర శ్రుతి తక్కువలో ఉంచి, మర్నాడు ఎత్తండి. నవంబరు వానలకి బిరడ ఉబ్బి బిగుసుకుంటే బలవంతం చేయొద్దు. తడి లేని గదిలో రెండు రోజులు ఉంచండి. తిరిగాక జారిపోతుంటే మాత్రం బడి సుద్ద కొంచెం రాయండి.

కమాను వెంట్రుకల్ని పురుగు కొట్టిందేమో చూడండి. చేత్తో ముట్టొద్దు, చర్మం జిడ్డు అంటితే వాటికి రాసే రోజిన్ పట్టదు. పాత రోజిన్ బిళ్ల అద్దంలా నున్నబడి ఉంటుంది, గరుకు కాగితంతో ఒకసారి గీకండి. కర్రకీ వెంట్రుకలకీ మధ్య పెన్సిలు దూరేంత సందు చాలు. వాయించడం అయ్యాక కమాను వదులు చేయడం మర్చిపోవద్దు.

అపోహ: పట్టుదల ఉంటే మొదటి రోజే రెండు గంటలు సాధన చేయాలి.

రెండు గంటలు కూర్చున్నవాళ్లు నాలుగో రోజు మెడ పట్టేసి పడుకుంటారు. మొదటి వారం పదిహేను నిమిషాలు, ఉత్త తీగల మీద మాత్రమే. వేళ్లు ఆన్చొద్దు. ఒక్కో కమానుకి ఎనిమిది లెక్కలు. రెండో వారం ఇరవై నిమిషాలు, మొదటి రెండు సరళీ స్వరాలు, మొదటి కాలంలోనే, అంటే నిదానంగానే. మూడో వారం జంట స్వరాలు, నాలుగో వారం గీతం. వేళ్లు తిమ్మిరెక్కితే ఆ రోజుకి ఆపేయండి. ఎడమచేతి గోళ్లు పూర్తిగా తీసేయాలి, దీనికి మినహాయింపు లేదు.

అపోహ: వేదిక ఎక్కితేనే మళ్లీ వచ్చినట్టు.

దసరా తర్వాత మొదలుపెడితే ధనుర్మాసానికి సుమారు రెండు నెలలు దొరుకుతుంది. నెల్లూరు రంగనాయకులపేట గుడి కానీ, సింగరాయకొండ గుడి కానీ, మీ వీధి రామాలయం కానీ, తెల్లవారుజాము భజనలో వెనక వరసలో కూర్చుని పల్లవి వరకు అందుకోండి. తప్పినా తాళాల చప్పుడులో కలిసిపోతుంది. హార్మోనియం ఏ శ్రుతిలో పెడతారో ముందురోజే అడిగి తీగలు సర్దుకోండి. మంచుకి శ్రుతి కదులుతుంది కాబట్టి అరగంట ముందే వెళ్లి పెట్టె తెరిచి ఉంచండి.