ఎగిరే పక్షి మసకగా వచ్చిందని లెన్స్ అమ్మేయకండి

"కొల్లేరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లొచ్చాను సార్. గూడబాతులు కూర్చున్నవి బాగానే వచ్చాయి, ఎగిరేవన్నీ మసకే. జూమ్ లేని ప్రైమ్ లెన్స్ కొనాలా?"

చలికాలం మొదలైతే చాలు, ఇదే ప్రశ్న. ఫొటో వివరాలు తెరిచి చూస్తే షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) 1/500 సెకను, ఐఎస్ఓ (ఫొటో వెలుతురును పెంచే సెట్టింగ్) 400. అప్పు చేసి కొన్న లెన్స్‌లో లోపం ఉందేమో, తన చేతులే వణుకుతున్నాయేమో అని పాపం ఆ మనిషి నిద్ర మానుకుని ఉంటాడు. రెండూ కాదు. షట్టర్ స్పీడ్ చాలలేదు.

అపోహ: 500 ఎంఎం లెన్స్‌కి 1/500 చాలు.

లెన్స్ ఎన్ని ఎంఎం అయితే సెకనులో అన్నో వంతు షట్టర్ అనే ఆ సూత్రం చేతి వణుకు కోసం పెట్టుకున్నది, పక్షి కదలికకు పనికిరాదు. సెకనుకు 10 మీటర్లు పోయే గద్ద 1/500 సెకనులో 2 సెంటీమీటర్లు జరుగుతుంది. 1/2500లో అయితే 4 మిల్లీమీటర్లే. కెమెరాను దాని వెంట తిప్పితే ఒంటి కదలిక కొంత సర్దుకుంటుంది గానీ, రెక్కల కొసలు సర్దుకోవు. గూడబాతు, పెయింటెడ్ స్టార్క్ లాంటి బరువైన పక్షులకు 1/1600తో మొదలుపెట్టండి. గద్దలకు, బాతులకు 1/2500. లకుముకి పిట్ట, బీ ఈటర్, స్వాలోలకు 1/4000.

అపోహ: ఐఎస్ఓ 800 దాటితే ఫొటో పాడైపోతుంది.

షట్టర్ స్పీడ్ పెంచితే లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది, దానికి ఐఎస్ఓ పెంచాలి. జనాన్ని 1/500 దగ్గర కట్టేసింది ఈ పుకారే. గ్రెయిన్‌ను (ఫొటోలో కనిపించే చుక్కలను) డీనాయిజ్ సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవచ్చు. కదిలి చెరిగిపోయిన ఈకను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. 800లో చీకటిగా తీసి తర్వాత వెలుతురు పెంచినా గ్రెయిన్ ఎలాగూ బయటపడుతుంది. మాన్యువల్ మోడ్‌లో అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్ 6.3, షట్టర్ 1/2500 పెట్టి, ఆటో ఐఎస్ఓ పై హద్దు 6400కి వదిలేయండి. పొద్దుటి ఎండలో 1600, 3200 రావడం మామూలే. వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుతురు సర్దుబాటు) +1, ముదురు చెట్ల ముందు తెల్ల కొంగ అయితే -0.7.

లెన్స్ మీద అనుమానం తీరాలంటే ఫొటోను 100 శాతానికి పెంచి చూడండి. కన్ను స్పష్టంగా ఉండి రెక్కల కొసలే చెదిరితే షట్టర్ ఇంకాస్త పెంచాలి. పక్షి మొత్తం ఒకే దిక్కుకు సాగినట్టుంటే షట్టర్ బాగా తక్కువైంది, లేదా ప్యానింగ్ (కెమెరాను పక్షి వెంట తిప్పడం) కుదరలేదు. వెనక తుంగ పదునుగా ఉండి పక్షి మెత్తగా ఉంటే ఫోకస్ వెనక్కి పోయింది. అంచులు నీళ్లలో చూసినట్టు అలలు అలలుగా ఉంటే అది ఎండకు నేల మీంచి లేచే వేడిగాలి. పులికాట్‌లో మిట్టమధ్యాహ్నం బురద నేల మీదుగా దూరపు ఫ్లెమింగోలను తీస్తే వచ్చేది ఇదే. పదిహేను లక్షల లెన్స్ పెట్టినా అంతే వస్తుంది. పొద్దున్నే వెళ్లండి, పక్షికి దగ్గరగా ఉండే చోటు చూసుకోండి.

మిగతావి చిన్నవే. ఫోకస్ కంటిన్యువస్‌లో (కదిలే పక్షిని వదలకుండా ఫోకస్ చేసే మోడ్‌లో) ఉండాలి. ఒక్క ఫోకస్ పాయింట్‌తో వెంటాడటం కష్టం, కొన్ని పాయింట్లు కలిసిన జోన్ పెట్టుకోండి. 1/2000 దాటాక చేతి వణుకును సర్దే స్టెబిలైజర్ ఆఫ్ చేసినా నష్టం లేదు.

అపోహ: చప్పట్లు కొట్టి లేపితేనే ఫ్లైట్ షాట్ దొరుకుతుంది.

దీన్ని మాత్రం సహించకూడదు. నేలపట్టు, ఉప్పలపాడు లాంటి చోట్ల గూళ్ల మీంచి తల్లి లేస్తే గుడ్లు, పిల్లలు ఎండకూ కాకులకూ వదిలేసినట్టే. పైగా బెదిరిన పక్షి మీకు తోకే చూపించి పోతుంది. దానంతటది లేచేటప్పుడు గాలికి ఎదురుగా లేస్తుంది, వాలేటప్పుడూ అంతే. గాలీ ఎండా రెండూ మీ వీపు వైపు ఉండేలా నిలబడండి, గూడబాతు రెండు కాళ్లతో నీళ్లను తన్నుకుంటూ మీ వైపే లేస్తుంది.