కార్బన్ తగ్గింపు ఖర్చు: అపోహలు – వాస్తవాలు

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు, విజయవాడ ఆటోనగర్ వర్క్‌షాపులకు కరెంటు వాడకం ఆడిట్ చేయడం నా వృత్తి. బిల్లు చూడమని పిలిచినవాళ్లు చివరికి వాతావరణ మార్పు గురించి అడుగుతారు. తరచుగా వినిపించే మాటలు, వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: సోలార్ చౌకయింది, ఇక మార్పు దానంతటదే వస్తుంది.

చౌకయిన మాట నిజమే. జాతీయ సోలార్ మిషన్ 2010లో పెట్టిన తొలి వేలంలో యూనిట్ సగటున 12 రూపాయలు దాటింది. 2020లో గుజరాత్ వేలంలో 1.99కి దిగింది. అయితే బొగ్గు కేంద్రానికి ఏటేటా బొగ్గు కొంటూ పోవాలి, సోలార్‌కు దాదాపు ఖర్చంతా మొదటిరోజే పెట్టాలి. అందుకే అప్పు ఎంత వడ్డీకి పుట్టిందో దాన్నిబట్టే సోలార్ యూనిట్ ధర తేలుతుంది.

మూడు కిలోవాట్ల ఇంటి సోలార్‌కు రెండు లక్షలు అవుతుందనుకుందాం. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు పోను 1.22 లక్షలు మిగులుతుంది. మన ఎండకు ఏడాదికి సుమారు 4,000 యూనిట్లు వస్తాయి. బ్యాంకు ఆరు శాతానికి ఇస్తే మొదటి ఏడాది వడ్డీ 7,320 రూపాయలు, అంటే యూనిట్‌కు 1.83. అదే సొమ్ము బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే 29,280, యూనిట్‌కు 7.32. తీర్చాల్సిన అసలు అలాగే ఉంటుంది. ఎండ ఒకటే, ప్యానెల్ ఒకటే. బ్యాంకులో అప్పు పుట్టే కుటుంబానికి లాభం, పుట్టని కుటుంబానికి నష్టం.

దీనికి శ్లాబులు తోడు. మన రాష్ట్రంలో ఇళ్లకు మొదటి 30 యూనిట్ల ధర 1.90 రూపాయలు, 400 దాటిన యూనిట్ల ధర 9.75. నెలకు డెబ్భై యూనిట్లు వాడే ఇంటికి మిగిలేది స్వల్పం. ఏసీలున్న ఇంటికి పై శ్లాబులు తెగిపోతాయి కాబట్టి బాగా కలిసొస్తుంది. ఆ పై శ్లాబుల వసూళ్లతోనే కింది శ్లాబుల రాయితీ కొంత నడుస్తోంది. ఆ వసూళ్లు తగ్గితే వచ్చే లోటు ఎవరు పూడుస్తారో ముందే తేల్చని పథకం పేదవాడి మీదికే వస్తుందని నా భయం. వాతావరణ విధానమంటే నా దృష్టిలో ముందు పరపతి విధానం, అంటే అప్పు ఎవరికి, ఎంత వడ్డీకి అందాలన్నది.

అపోహ: కోల్డ్ స్టోరేజీ పైకప్పు నిండా ప్యానెళ్లు వేస్తే బిల్లు తీరిపోతుంది.

మిర్చి ప్రధానంగా ఫిబ్రవరి నుంచి మే దాకా వస్తుంది. కల్లాల్లో ఆరి, వేడిగా వచ్చిన టిక్కీలను (మిర్చి బస్తాలను) చల్లబరచాల్సిన ఆ నెలల్లోనే కంప్రెసర్ల మీద భారం ఎక్కువ. ఎండ కూడా అప్పుడే ఎక్కువ కాబట్టి సోలార్ పనికొస్తుంది. కానీ ప్యానెళ్ల కంటే ముందు కండెన్సర్ (గది నుంచి లాగిన వేడిని బయటికి వదిలే భాగం) చూడమంటాను. బోరు నీళ్ల వల్ల గొట్టాల మీద గార పేరుకుంటుంది. దానితో కండెన్సింగ్ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగినా కరెంటు రెండు మూడు శాతం అదనంగా ఖర్చవుతుంది. గార వదిలించడం, తలుపుల రబ్బరు మార్చడం, తడిసిన ఇన్సులేషన్ బాగుచేయడం పెద్ద అప్పు లేకుండా అయ్యే పనులు.

ఆ తర్వాత చూడాల్సింది గంటలు. చీకటి పడ్డాక ఇళ్లన్నిటిలో లైట్లు, ఏసీలు వేస్తారు, సోలార్ ఉండదు, బొగ్గు కేంద్రాల మీద ఒత్తిడి పెరుగుతుంది. గదినిండా పేర్చిన మిర్చి చల్లదనాన్ని చాలాసేపు నిలుపుకుంటుంది. పగలు ఒక డిగ్రీ ఎక్కువ చల్లబరిచి, తలుపులు మూసి, సాయంత్రం కంప్రెసర్లు తగ్గించవచ్చు. బ్యాటరీ కొనకుండా దొరికే నిల్వ ఇది. టైమ్ ఆఫ్ డే టారిఫ్ (రోజులో వేళను బట్టి మారే కరెంటు ధర) ఉన్న యజమానుల్లో కూడా చాలామంది బిల్లులో ఆ వరుసే చూడరు. దయచేసి చూడండి.

అపోహ: 2026 నుంచి ఐరోపా కార్బన్ పన్ను గుంటూరు మిర్చి మీద పడుతోంది.

లేదు. అది ఇనుము–ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తుకే వర్తిస్తుంది.

అపోహ: బొగ్గు మీద పన్ను మనకు కొత్త.

2010లోనే టన్నుకు 50 రూపాయల సెస్సు పెట్టారు. 2016 నాటికి అది 400 అయింది. యూనిట్‌కు ఏడు వందల గ్రాముల బొగ్గు లెక్కన 28 పైసలు. స్వచ్ఛ ఇంధనం కోసమని మొదలైన ఆ సొమ్ము 2017లో జీఎస్టీ పరిహార నిధికి మళ్లింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు ఎత్తేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. టన్నుకు ఇంత అన్న పన్ను చవక రకం బొగ్గు మీద గట్టిగా పడేది. ధరలో శాతం అయ్యాక ఆ రకానికే ఊరట దక్కింది. పొగ లెక్కన చూస్తే ఇది వెనకడుగే.

బొగ్గు పన్ను సొమ్ము దేనికి వాడాలని అడిగితే విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం చూపిస్తాను. అక్కడి నార్ల తాతారావు థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,560 మెగావాట్లు. 800 మెగావాట్ల కొత్త యూనిట్ 2023లోనే మొదలైంది కాబట్టి రేపే మూతపడుతుందన్నది వట్టి పుకారు. 210 మెగావాట్ల పాత యూనిట్ల సంగతి వేరు, వాటిలో మొదటిది 1979 నాటిది. అవి ఆగేనాటికి కాంట్రాక్టు కార్మికులకు, బూడిద లారీల డ్రైవర్లకు, ఫ్లైయాష్ ఇటుకల యూనిట్లకు దారి చూపే నిధి ఇప్పటినుంచే జమ కావాలి.

అపోహ: యాభై ఏళ్ల తర్వాతి నష్టానికి ఇప్పుడు ఖర్చెందుకు?

ఇక్కడా వడ్డీయే. యాభై ఏళ్లకు జరిగే లక్ష రూపాయల నష్టాన్ని రెండు రూపాయల వడ్డీతో (ఏడాదికి 24 శాతం) వెనక్కి లెక్కిస్తే, అంటే ఇవాళ ఎంత వడ్డీకి వేస్తే అప్పటికి లక్ష అవుతుందో చూస్తే, నేటి విలువ రెండు రూపాయలే. బ్రిటన్ ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ 2006 నివేదికలో వాడిన 1.4 శాతంతో అయితే సుమారు 50 వేలు. ఏ రేటు వేశారో చెప్పకుండా ‘దండగ’ అనేవారి లెక్కను నేను ఒప్పుకోను.

పైగా నష్టం యాభై ఏళ్లు ఆగలేదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది, బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. ఆక్రమణలూ కారణమే. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ మోస్తుంది, అదే కుండపోతగా కురుస్తుంది. బుడమేరు పనుల అంచనాల్లో వరద నష్టాన్ని ఏ వడ్డీ రేటుతో లెక్కించారో మొదటి పేజీలోనే రాయాలని విజయవాడ వాసులు అడగాలి.