ఆన్‌లైన్ రైటింగ్ కోర్సులో వారం పని: అపోహలు - వాస్తవాలు

కాలేజీ స్థాయి రైటింగ్ కోర్సును ఆన్‌లైన్‌లో చెబుతుంటాను. ఏ టర్మ్ అయినా సరే, రెండో వారం దాటేసరికి ఒకే రకం మెయిల్ వస్తుంది. "మేడమ్, ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా కదలకుండా కూర్చున్నాను. అయినా పూర్తి కాలేదు. నాకు రాయడం రాదనుకుంటా. కోర్సు డ్రాప్ చేసేయమంటారా?"

ఈ మెయిల్ పంపేవాళ్లు బద్ధకస్తులు కారు. కష్టపడుతూ, లోపల్లోపల భయపడుతున్నవాళ్లు. రాయడం రాకపోవడం కాదు వాళ్ల ఇబ్బంది. సీనియర్లో, వాట్సాప్ గ్రూపో నేర్పిన ఒక తప్పుడు లెక్కను నమ్మి వారాన్ని ప్లాన్ చేసుకోవడం. ముందు ఆ లెక్క సంగతి తేల్చాలి. మిగతా అపోహలు తర్వాత, క్లుప్తంగా.

అపోహ: "ఆన్‌లైనే కదా, వారంలో ఎప్పుడు చేసినా ఒకటే. ఆదివారం రాత్రి 11:59 లోపు సబ్మిట్ కొడితే చాలు."

చాలదు. ఈ మాట వేరే కోర్సుల్లో కొంత నష్టం చేస్తుందేమో గానీ, రైటింగ్ కోర్సులో మాత్రం నిలువునా ముంచుతుంది.

ముందు గంటల లెక్క చూద్దాం. అమెరికన్ కాలేజీల్లో క్రెడిట్‌కి, అంటే కోర్సు బరువుని కొలిచే యూనిట్‌కి, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిర్వచనమే ఉంది. సెమిస్టర్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాల పాటు వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత పని, లేదా అంతకు సమానమైన పని. ఆ లెక్కన మూడు క్రెడిట్ల కోర్సుకి వారానికి 9 గంటలు. అదే కోర్సును 8 వారాలకి కుదిస్తే తగ్గేది వారాలే, పని కాదు. అప్పుడు వారానికి దాదాపు 17 గంటలు పడుతుంది. క్లాసుకి వెళ్లక్కర్లేదు కాబట్టి ఆ గంటలు మిగిలాయని చాలామంది అనుకుంటారు. అవి మిగల్లేదు, చదవడంలోకీ చర్చలోకీ రాయడంలోకీ మారాయి. తొమ్మిది గంటల్ని ఒక్క ఆదివారంలో ఇరికించడమే గగనం. పదిహేడు అసలు పట్టవు.

గంటలు ఎలాగో సర్దుకున్నా ఇంకో చిక్కు ఉంది. రైటింగ్ కోర్సులో వారం పని ఒక్క ముక్క కాదు. రీడింగ్ ఉంటుంది. దాని మీద డిస్కషన్ పోస్ట్ ఉంటుంది. ఇద్దరు ముగ్గురు తోటివాళ్ల పోస్టులకి జవాబులు రాయాలి. డ్రాఫ్ట్ పెట్టాలి. ఇంకొకరి డ్రాఫ్ట్ చదివి పీర్ రివ్యూ ఇవ్వాలి. మీకొచ్చిన రివ్యూ చూసి మీది సరిచేసుకోవాలి. ఇందులో సగం పనులు ఇంకో మనిషి మీద ఆధారపడి ఉన్నాయి. ఆదివారం రాత్రి పదింటికి మీరు డ్రాఫ్ట్ పెడితే దాన్ని ఎవరు చదువుతారు, ఎప్పుడు చదువుతారు? మీకు రివ్యూ రాలేదని సోమవారం నాకు కంప్లయింట్ చేస్తే నేనేం చేయగలను? అందుకే చాలా కోర్సుల్లో మొదటి పోస్టుకి వారం మధ్యలోనే వేరే గడువు పెడతారు. సిలబస్‌లో అది కనపడుతూనే ఉంటుంది. ఆదివారం మీదే దృష్టి పెట్టుకున్నవాళ్లకి కనపడదు.

"నేను స్పీడుగా రాస్తాను, నాకు పర్లేదు" అనేవాళ్లకి ఒక సంగతి. పనికి పట్టే టైమును మనిషి తక్కువగా అంచనా వేసుకుంటాడని మనస్తత్వ శాస్త్రంలో ఎప్పుడో తేలింది. 1979లో కానెమన్, ట్వెర్‌స్కీ దీనికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ ముగ్గురూ కలిసి, ఆనర్స్ థీసిస్ (డిగ్రీ చివర్లో రాసే పెద్ద పరిశోధన వ్యాసం) రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. ఏదీ కలిసిరాకపోతే ఎన్ని రోజులు పట్టొచ్చని కూడా అడిగితే దాదాపు 49 అన్నారు. నిజంగా పట్టింది 55 పైనే. తమ అధ్వాన్నపు అంచనాని కూడా దాటేశారు! కాబట్టి మీ ప్లాన్‌లో ఒక పనికి రెండు గంటలని రాసుకుంటే, మూడు గంటల చోటు ఉంచండి.

అన్నిటికన్నా పెద్ద నష్టం గంటల్లో కాదు, రాతలో కనిపిస్తుంది. కిందటి టర్మ్‌లో ఒక అమ్మాయి తన వ్యాసానికి మార్కులు ఎందుకు తగ్గాయో అర్థం కావట్లేదని గూగుల్ డాక్స్ లింకు పంపింది. ఇద్దరం కలిసి వెర్షన్ హిస్టరీ, అంటే ఏ మార్పు ఎప్పుడు చేసిందో చూపించే చిట్టా, తెరిచాం. ఆదివారం సాయంత్రం మొదలుపెట్టింది. మొదటి గంటన్నర మొత్తం మొదటి పేరా మీదే గడిచింది. రాయడం, చెరపడం, మళ్లీ రాయడం. ఆ పేరాలో చివరికి మిగిలిన వాక్యం, "సోషల్ మీడియా మన జీవితాల్లో చాలా ముఖ్యమైన పాత్ర పోషిస్తోంది." ఎవరైనా రాయగలిగిన వాక్యం. తర్వాత మూడు పేరాలు ఆదరాబాదరాగా. పదకొండున్నర దాటాక ముగింపులో రాసిన వాక్యం ఇది: "స్నేహితుల పోస్టులు చూసి మనం కుంగిపోయేది వాళ్లు బాగున్నారని కాదు, ఆ బాగులో మనకి చోటు లేదని." వ్యాసంలో బంగారంలాంటి మాట అదొక్కటే. దాన్ని తీసుకెళ్లి పైన పెట్టి, కింద మూడు పేరాలనీ దానికి తగ్గట్టు తిరగరాస్తే అది మంచి వ్యాసమయ్యేది. కానీ గడియారంలో మిగిలింది పదిహేను నిమిషాలు. స్పెల్లింగులు చూసుకుని సబ్మిట్ చేసింది.

రాసేవాళ్లందరికీ దాదాపు ఇలాగే జరుగుతుంది. ఏం చెప్పాలనుకుంటున్నామో చివరికొచ్చేసరికి గానీ తెలియదు. అది లోపం కాదు, ఆలోచన నడిచే తీరే అంత. 1980లో రచనా బోధన మీద పరిశోధన చేసిన నాన్సీ సోమర్స్ విద్యార్థుల్నీ చేయి తిరిగిన రచయితల్నీ పక్కపక్కన పెట్టి పరిశీలించారు. రివిజన్ (రాసినదాన్ని తిరగరాయడం) అంటే విద్యార్థులు ఎక్కువగా మాటలు మార్చారు. అనుభవం ఉన్నవాళ్లు వాదనకి రూపం వెతుక్కుంటూ మొత్తాన్నే కదిలించారు. అలా కదిలించాలంటే మధ్యలో ఒక రాత్రి నిద్ర కావాలి. రాసిన వెంటనే చదివితే కాగితం మీద ఉన్నది కాదు, మనసులో ఉన్నదే కనిపిస్తుంది.

మరి వారాన్ని ఎలా పంచుకోవాలి? మాడ్యూల్ (ఆ వారం పాఠం, పనులు) సోమవారం తెరుచుకుని ఆదివారం మూసుకునే కోర్సులో నేను చెప్పే పద్ధతి ఇది. సోమవారం అరగంట చాలు. ఏమీ రాయొద్దు. మాడ్యూల్‌లో ఉన్నవన్నీ తెరిచి చూడండి, ప్రాంప్ట్‌నీ (రాయమని ఇచ్చిన ప్రశ్న) రూబ్రిక్‌నీ (మార్కులు వేసే కొలమానం) చదవండి, ప్రాంప్ట్ అడుగుతున్న ప్రశ్నని మీ మాటల్లో ఒక్క వాక్యంగా రాసుకోండి. ఈ అరగంట వల్ల మిగతా వారమంతా ఆ ప్రశ్న తలలో ఓ మూల తిరుగుతూనే ఉంటుంది. మంగళ, బుధవారాల్లో రీడింగ్, మొదటి పోస్ట్. రీడింగ్ చదువుతూనే, మీరు ఒప్పుకోలేని ఒక్క చోటు పట్టుకుని రెండు ముక్కలు రాసి పెట్టుకుంటే పోస్ట్ సగం అయిపోయినట్టే. గురువారం గంట సేపు డ్రాఫ్ట్. మొదటి పేరా వదిలేసి మధ్యలోంచి మొదలుపెట్టండి. తప్పులు దిద్దకండి, వెనక్కి వెళ్లకండి. శుక్రవారం దాని ముఖం చూడొద్దు. శనివారం బిగ్గరగా చదవండి. చివరి పేరాలో ఏదైనా మంచి మాట దొరికిందేమో చూసి పైకి తీసుకురండి, పని ఉన్నదంతా అక్కడే. తోటివాళ్లకి జవాబులూ ఆ రోజే. ఆదివారానికి సైటేషన్లు (ఏ మాట ఎక్కణ్నుంచి తీసుకున్నారో చెప్పడం), ప్రూఫ్ రీడింగ్, అప్‌లోడ్ మాత్రమే మిగలాలి, అదీ మధ్యాహ్నానికి. సబ్మిట్ చేశాక ఫైల్‌ని ఒకసారి తెరిచి చూసుకోండి. ఖాళీ ఫైలో, పాత డ్రాఫ్టో వెళ్లిన సందర్భాలు కోకొల్లలు.

"రోజూ కూర్చునే తీరిక ఎక్కడిది మేడమ్, ఉద్యోగం, పిల్లలు" అంటారు. నిజమే, రోజూ అక్కర్లేదు. మూడు సిట్టింగులు చాలు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కనీసం ఒక రాత్రి ఉండేలా. నా క్లాసులో నైట్ షిఫ్టులు చేసే ఒకాయన ఉండేవారు. సోమవారం బ్రేక్‌లో ఫోన్‌లోనే ప్రాంప్ట్ చదివేవారు. బుధవారం షిఫ్టు దిగి పోస్ట్ పెట్టి పడుకునేవారు. డ్రాఫ్ట్‌ని ఫోన్‌లో నోటితో చెప్పి రికార్డు చేసుకుని, సెలవు రోజున దాన్ని వింటూ టైప్ చేసేవారు. ఆయన వాక్యాలు మొదట్లో తడబడుతూ ఉండేవి, కానీ ప్రతి వ్యాసంలోనూ ఆలోచన ఒక మెట్టు పైన ఉండేది. ఆదివారమంతా ఖాళీగా ఉన్నవాళ్లకన్నా ఆయన రాతే నాకు ఎక్కువ గుర్తుంది.

అపోహ: "రోజూ లాగిన్ అయితే అటెండెన్స్ పడుతుంది."

పడదు. ఫెడరల్ ఆర్థిక సాయం తీసుకునేవాళ్లు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. ఆ నిబంధనల ప్రకారం ఉత్తి లాగిన్‌ని హాజరుగా లెక్కించరు. అసైన్‌మెంట్ ఇవ్వడం, క్విజ్ రాయడం, చర్చలో పాల్గొనడం లాంటి చదువుకి సంబంధించిన పని ఏదైనా చేసి ఉండాలి.

అపోహ: "11:59 అంటే నా గడియారంలో 11:59."

కోర్సు ఏ టైమ్ జోన్‌లో నడుస్తోందో అందులో. కోర్సు నడిచే కాన్వాస్, మూడుల్ లాంటి సైట్లలో మీ ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ మార్చుకునే వీలుంది, మీ ఊరిది పెట్టుకుంటే గడువు మీ టైములోనే కనిపిస్తుంది. మొదటి రోజే ఆ పని చేసేయండి.

అపోహ: "ఐదు వందల పదాలేగా, గంటలో అవుతుంది."

టైప్ చేయడానికి గంట. చెప్పడానికి ఏదో ఒకటి దొరకడానికి పట్టే టైముని పదాల సంఖ్య చూపించదు. పైగా పొట్టి వ్యాసంలో డొల్ల వాక్యాన్ని దాచే చోటు ఉండదు.

అపోహ: "సిమిలారిటీ ఇరవై శాతం దాటితే కాపీ కేసే. ఏఐ డిటెక్టర్ పట్టుకుంటే ఇక అంతే."

ఈ పుకారు పిల్లల్ని ఎంత ఏడిపిస్తోందో చెప్పలేను. నిద్ర మానేసి సొంత వాక్యాల్నే పాడు చేసుకుంటున్నారు. కాలేజీలు వ్యాసాల్ని పోల్చి చూడటానికి వాడే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ చూపించే సిమిలారిటీ శాతం అంటే, వేరే చోట ఉన్న రాతతో సరిపోలిన భాగం, అంతే. మీరు కొటేషన్ గుర్తుల్లో పెట్టిన మాటలూ, చివర్లో ఇచ్చిన రిఫరెన్సులూ కూడా అందులో లెక్కకి రావొచ్చు. అది కాపీయా కాదా అన్నది చదివిన మనిషి తేల్చాలి. ఇక ఏఐ రాసిందా అని పసిగట్టే డిటెక్టర్ల సంగతి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ స్వయంగా తయారుచేసిన డిటెక్టర్‌ని 2023 జనవరిలో విడుదల చేసి, కచ్చితత్వం చాలడం లేదని అదే ఏడాది జులైలో తీసేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లకి ఇస్తే, అవి సగటున 60 శాతానికి పైగా వ్యాసాలు యంత్రం రాసినవని ముద్ర వేశాయి. మనలాంటివాళ్లకి ఇది కొట్టిపారేయదగ్గ విషయం కాదు.

అయితే మీకు రక్షణ వారం ప్లాన్‌లోనే ఉంది. గురువారం డ్రాఫ్ట్, శనివారం మార్పులు, రీడింగ్ పక్కన రాసుకున్న ముక్కలు, అన్నీ తేదీలతో సహా వెర్షన్ హిస్టరీలో ఉంటాయి. ఎవరైనా ప్రశ్నిస్తే తెరిచి చూపించండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే డాక్యుమెంట్‌లో రాయడం అలవాటు చేసుకోండి. ఇంకోచోట రాసి చివర్లో ఒక్కసారిగా పేస్ట్ చేస్తే ఆ జాడ ఉండదు.

అపోహ: "ఒక వారం పోయిందంటే కోర్సు పోయినట్టే."

డ్రాప్ చేయాలనుకునే ముందు సిలబస్‌లో మార్కుల పట్టిక చూడండి. 15 వారాల డిస్కషన్లన్నిటికీ కలిపి 20 శాతం ఉందనుకోండి, ఒక వారం తప్పితే పోయేది నూటికి ఒకటిన్నర మార్కు కూడా కాదు. కానీ చాలామంది ఏం చేస్తారంటే, పోయిన వారాన్ని పూడ్చుకునే పనిలో పడి ఈ వారాన్నీ పోగొట్టుకుంటారు. ముందు ఈ వారం పని పట్టుకోండి. టైము మిగిలితే, లేట్ పాలసీ ఒప్పుకుంటే అప్పుడు పాతది. పెద్ద వ్యాసం డ్రాఫ్ట్ తప్పితే మాత్రం సంగతి వేరు, దాని మీద తర్వాతి వారాలు ఆధారపడి ఉంటాయి కాబట్టి వెంటనే ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడండి.

ఎక్స్‌టెన్షన్ అడగడానికి సిగ్గుపడేవాళ్లు పెద్ద ఉత్తరాలు రాస్తారు. ఇంట్లో కష్టాలన్నీ, క్షమాపణలన్నీ, అదీ గడువు దాటిన రెండు రోజులకి. అవన్నీ అక్కర్లేదు. గడువుకి ముందే, శుక్రవారానికల్లా నాలుగు వాక్యాలు చాలు: "ఈ వారం రెండు షిఫ్టులు అదనంగా పడ్డాయి. పోస్ట్ పెట్టాను, డ్రాఫ్ట్ సగం అయింది, లింకు ఇస్తున్నాను. మంగళవారం రాత్రిలోపు పూర్తి చేయగలను. అలా ఇవ్వొచ్చా?" ఏం జరిగిందో, ఎంత అయిందో, ఎప్పటికి ఇస్తారో అన్నీ అందులో ఉన్నాయి. పాలసీలో వీలుంటే ఇలాంటి మెయిల్‌కి నేను కాదన్నది అరుదు.