టెరాహెర్ట్జ్‌ను పసిగట్టే ట్రాన్సిస్టర్: ఒకే ఫార్ములా, రెండు కథలు

ప్రతి ట్రాన్సిస్టర్‌కీ ఒక కటాఫ్ ఫ్రీక్వెన్సీ ఉంటుంది. అది దాటితే సిగ్నల్‌ను పెంచడం దాని వల్ల కాదు. కానీ అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న టెరాహెర్ట్జ్ తరంగం (సెకనుకు లక్ష కోట్ల సార్లు ఊగే స్థాయిది) మీద పడినా డ్రెయిన్ (ఎలక్ట్రాన్లు బయటికి వెళ్లే కొన) దగ్గర చిన్న డీసీ వోల్టేజీ పుడుతుంది. అది ఎలా పుడుతోందన్న వాదనకు చాలా ఏళ్ల చరిత్ర ఉంది.

1993లో భౌతిక శాస్త్రవేత్తలు మిఖాయిల్ ద్యాకొనోవ్, మైఖేల్ షుర్ ఒక విచిత్రమైన పోలిక తెచ్చారు. ఛానెల్‌లోని (ఎలక్ట్రాన్లు డ్రెయిన్ వైపు వెళ్లే దారి) ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి తరచూ ఢీకొంటూ ఉంటే ద్రవంలా ప్రవహిస్తాయి, వాటి సమీకరణాలు లోతు తక్కువ నీటిలో అలల సమీకరణాల్లాగే ఉంటాయి అన్నారు. 1996లో దాన్నే డిటెక్షన్‌కు, అంటే తరంగాన్ని పసిగట్టడానికి, వర్తింపజేశారు. గేటుకూ (ఛానెల్‌ను అదుపు చేసే కొన) సోర్సుకూ (ఎలక్ట్రాన్లు లోపలికి వచ్చే కొన) మధ్య తరంగం వోల్టేజీ ఇస్తుంది, డ్రెయిన్ వైపు ఏమీ కలపరు. మొబిలిటీ (ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా కదులుతాయన్న కొలత) బాగా ఎక్కువైతే ప్లాస్మా తరంగం (ఎలక్ట్రాన్ల గుంపులో లేచే అల) ఛానెల్‌లో అటూ ఇటూ తిరిగి కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర రెజొనెన్స్, అంటే స్పందనలో పదునైన పెరుగుదల, ఇస్తుంది. తక్కువైతే సోర్స్ దగ్గరే చచ్చిపోతుంది, అయినా డీసీ మాత్రం వస్తుంది.

ఆ తర్వాతి దశాబ్దంలో గాలియం ఆర్సెనైడ్‌లోనూ, 2004 నాటికి సిలికాన్‌లోనూ సిగ్నల్ కనిపించింది. అందరూ ఆశపడ్డ పదునైన రెజొనెన్స్ మాత్రం గది ఉష్ణోగ్రతలో సిలికాన్‌లో దొరకలేదు. అక్కడ తరంగం పదుల నానోమీటర్లు పోయేలోపే ఆరిపోతుంది.

ఇక్కడే సర్క్యూట్ల వాళ్లు రంగంలోకి దిగారు. ఇది మైక్రోవేవ్ రంగంలో ఎప్పటి నుంచో ఉన్న రెసిస్టివ్ మిక్సింగే కదా అన్నారు. గేటు వోల్టేజీ ఛానెల్ వాహకతను ఊపుతుంది, అదే సిగ్నల్ ఛానెల్ పొడవునా వోల్టేజీగానూ ఉంటుంది, రెండూ గుణించుకుంటే డీసీ మిగులుతుంది. 2009లో ఫ్రాంక్‌ఫర్ట్ బృందం ఛానెల్‌ను చిన్న చిన్న ముక్కలుగా, ప్రతి ముక్కనూ ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్‌గా చూసింది. తరంగం త్వరగా ఆరిపోయే సందర్భంలో రెండు లెక్కలూ ఒకే ఫార్ములా దగ్గర కలుస్తాయి: సిగ్నల్ వోల్టేజీ వర్గంలో నాలుగో వంతును, గేటు వోల్టేజీ థ్రెషోల్డ్‌ను (ఛానెల్ తెరుచుకునే వోల్టేజీ) మించిన మేరతో భాగించడం. కాబట్టి గొడవలో సగం పేరు గురించే అనిపిస్తుంది.

ఈ ఫార్ములా మరీ తేలిగ్గా సరిపోవడమే అసలు చిక్కు. డీసీ వాహకతను గేటు వోల్టేజీకి ఎదురుగా కొలిచి, దాని లాగరిథమ్‌కు డెరివేటివ్ తీస్తే టెరాహెర్ట్జ్ స్పందన వక్రం ఆకారం దాదాపు వచ్చేస్తుంది. థ్రెషోల్డ్ కింద అది చెడుతుంది. అక్కడ ఛానెల్ నిరోధం బాగా పెరిగి, కొలిచే యాంప్లిఫయరే సిగ్నల్‌ను కిందికి లాగేస్తుంది. ఆకారం కుదిరినా ఎత్తు కుదరడం ఇంకో తలనొప్పి. తొలి ప్రయోగాల్లో అసలు యాంటెన్నా పని చేసింది చాలాసార్లు బాండింగ్ వైర్లే (చిప్‌ను బయటికి కలిపే సన్నని తీగలు). ఎంత పవర్ లోపలికి వెళ్లిందో తెలియకుండా సున్నితత్వం అంకె చెప్పడం ఊహతో సమానం.

రెజొనెన్స్ కథ గ్రాఫీన్‌తో (ఒకే పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర) మళ్లీ లేచింది. బోరాన్ నైట్రైడ్ పొరల మధ్య ఇరికించిన రెండు పొరల గ్రాఫీన్‌లో, బాగా చల్లబరిచిన స్థితిలో, 2018లో అది స్పష్టంగా కనిపించింది. అయితే గ్రాఫీన్‌లో వేడెక్కిన ఎలక్ట్రాన్ల థర్మోఎలక్ట్రిక్ వోల్టేజీ (వేడిలో తేడా వల్ల పుట్టేది) కూడా అదే డ్రెయిన్ దగ్గర కలుస్తుంది. గేటు వోల్టేజీతో అది మారే తీరూ ఇంచుమించు ఇలాగే ఉంటుంది కాబట్టి, ఒక్క వక్రాన్ని చూసి ఏది ఎంతో విడదీయలేం.