బోర్డు ముందు చెయ్యి ఎందుకు ఆగిపోతుంది?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. గోడకు తెల్లబోర్డు, చేతిలో మార్కర్. ఎదురుగా కూర్చున్న ఇంజనీరు ఒక ప్రాబ్లమ్ ఇచ్చి, "ఏం ఆలోచిస్తున్నారో పైకి చెబుతూ కోడ్ రాయండి" అంటారు. ముందురోజు రాత్రి ఇంట్లో సునాయాసంగా చేసిన ప్రాబ్లమే! అయినా మొదటి లైన్ దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. బయటికొచ్చి లిఫ్ట్ ఎక్కగానే జవాబు తడుతుంది.

ప్రిపరేషన్ చాలలేదని తీసిపారేస్తాం. అంత తేలిగ్గా తేల్చేయలేమని 2020లో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చూపించారు. 48 మంది విద్యార్థుల్లో కొందరు ఇంటర్వ్యూ చేసే మనిషి చూస్తుండగా, పైకి చెబుతూ బోర్డు మీద రాశారు. మిగతావాళ్లు అలాంటి బోర్డు మీదే, గదిలో ఒంటరిగా రాశారు. చూపు కదలికలను పట్టే కళ్లద్దాలతో ఒత్తిడినీ అంచనా వేశారు. ఒకరు చూస్తుండగా రాసినవాళ్ల పనితీరు సగానికి పైగా పడిపోయింది. అమ్మాయిల సంగతి మనసు కలచివేస్తుంది: ఒంటరిగా రాసిన అందరూ గట్టెక్కారు, మనిషి ఎదుట రాసినవాళ్లలో ఒక్కరూ గట్టెక్కలేదు. వాళ్లు కొద్దిమందే కాబట్టి దీన్నే సూత్రం చేసుకోకూడదు. కానీ పక్కన పెట్టేయదగిన విషయమూ కాదు.

లెక్క చేస్తున్నప్పుడు కావలసిన అంకెలు, మెట్లు మనసులో కాసేపు నిలిపి ఉంచే చోటు చాలా ఇరుకు. 'తప్పు చేస్తానేమో' అన్న భయం కూడా ఆ చోటునే ఆక్రమిస్తుంది. 2005లో మనస్తత్వ శాస్త్రవేత్తలు సియాన్ బీలాక్, థామస్ కార్ చేసిన ప్రయోగంలో ఒత్తిడి పెరిగినప్పుడు దెబ్బతిన్నది ఆ చోటు ఎక్కువగా ఉన్నవాళ్లే. కంపెనీలు వెతుక్కునే మనుషులు సరిగ్గా వాళ్లే కదా!

పైకి చెప్పడం మరో భారం. ఉన్నట్టుండి తట్టే పరిష్కారాల విషయంలో, ఆలోచనను అప్పటికప్పుడు మాటల్లో పెట్టమంటే ఆ తట్టడమే తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త జొనాథన్ స్కూలర్ బృందం 1993లోనే గమనించింది. ఒక్కో మెట్టుగా తర్కించి చేసే లెక్కలకు ఆ ఇబ్బంది కనిపించలేదు. ఇక తెలుగు మీడియంలో చదువుకుని, తెలుగులో ఆలోచిస్తూ ఇంగ్లీషులో వివరించాల్సిన పిల్లల పరిస్థితి ఊహించండి. వాళ్ల మౌనాన్ని తెలివితక్కువతనంగా లెక్కగట్టడం అన్యాయం.

బోర్డునే తప్పుపట్టను. ఒక సిస్టమ్ ఎలా కట్టాలో ఇద్దరు కలిసి గళ్లు, బాణాలు గీసుకుంటూ చర్చించడానికి అంతకు మించిన సాధనం లేదు, ఆఫీసుల్లో రోజూ జరిగేది అదే. కోడ్ రాయించాలనుకుంటే ప్రాబ్లమ్ ఇచ్చి, కాసేపు గది వదిలి వెళ్లండి. తిరిగొచ్చాక ఈ లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) ఎందుకు పెట్టారు, డేటా పదింతలైతే ఏమవుతుంది అని అడగండి. ఆలోచన తీరు అప్పుడూ కనిపిస్తుంది, పైగా అప్పటికి బోర్డు మీద మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.