స్టూలు వద్దన్న ఫోర్‌మన్: రౌండ్ల మధ్య ఆ ఒక్క నిమిషం కథ

అమెరికన్ హెవీవెయిట్ బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ 2025 మార్చి 21న కన్నుమూసినప్పటి నుంచి ఆయన పాత పోటీల దృశ్యాలు మళ్లీ విరివిగా తిరుగుతున్నాయి. వాటి వెంటే ఒక పాత వాదం కూడా లేచింది. రౌండ్ ముగిసి బెల్ మోగిన తర్వాత, రింగ్‌లో తన మూల అయిన కార్నర్‌లో స్టూలు వేసి ఉన్నా కూర్చోకుండా నిలబడే ఉండే బాక్సర్ నిజంగా అలసిపోలేదా, అలసటను దాచుకుంటున్నాడా అన్నది ఆ వాదం. నిలబడడం దమ్ముకు గుర్తని అభిమానులు అంటారు. ఆ ఒక్క నిమిషంలో బాక్సర్‌ను కాచుకోవలసిన కార్నర్ మనుషుల, అంటే శిక్షకుడి, సహాయకుల మాట మాత్రం తెర మీద వినిపించదు.

ఒట్టి చేతులతో కొట్టుకున్న రోజుల నుంచి గ్లోవ్స్ దాకా సాగిన చరిత్ర అందరికీ తెలిసిందే కనుక దాని జోలికి పోనక్కర్లేదు. ఈ వాదానికి కావలసింది అందులో ఒక్క ముక్కే. పాత పద్ధతిలో ఎవరో ఒకరు కింద పడితేనే రౌండ్ ముగిసేది, పడినవాడిని అతని మనుషులు లేవదీసి మోకాలి మీద కూర్చోబెట్టుకునేవారు. నేటి బాక్సింగ్‌కు మూలమైన 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమాలు రౌండ్‌కు మూడు నిమిషాలు, విరామానికి ఒక నిమిషం అని గడియారానికి కట్టేశాయి. పడ్డవాడికీ పడనివాడికీ విరామం ఒకేలా వచ్చేసరికి, దాన్ని ఎలా గడపాలన్నది బాక్సర్ ఇష్టానికి మిగిలింది.

ఆ ఇష్టం ఒక ప్రకటనగా మారిన రోజు, ఈ వ్యాసకర్త దృష్టిలో, 1991 ఏప్రిల్ 19. అట్లాంటిక్ సిటీలో ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ కోసం 28 ఏళ్ల ఇవాండర్ హోలీఫీల్డ్ మీదికి 42 ఏళ్ల ఫోర్‌మన్ వచ్చాడు. హోలీఫీల్డ్ బరువు 208 పౌండ్లు, ఫోర్‌మన్ బరువు 257. మూడు నాలుగు రౌండ్లలో ఊపిరి అందక కూలబడతాడని ఎందరో అనుకున్న ఆ మనిషి పన్నెండు రౌండ్లూ ఆడాడు. బెల్ మోగిన ప్రతిసారీ తన మూలకు నడిచి వెళ్లి, స్టూలు అక్కర్లేనట్టుగా నిలబడ్డాడు. ఏడో రౌండ్‌లో ఇద్దరూ ఒకరినొకరు మర్చిపోలేనంతగా కొట్టుకున్నారు. ఆ తర్వాతి విరామంలోనూ ఆ భారీకాయం నిలబడే ఉంది. తీర్పు ముగ్గురు జడ్జీల లెక్కలోనూ హోలీఫీల్డ్‌ వైపే వెళ్లింది. అయినా ఆ రాత్రి జనం జ్ఞాపకంలో మిగిలింది ఓడిన మనిషి నిలుచున్న తీరే.

అంత పట్టుదల ఎందుకో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో ముహమ్మద్ అలీ తాళ్లకు ఆనుకుని దెబ్బలు కాచుకుంటూ ఫోర్‌మన్ బలమంతా కరిగే దాకా ఆగి, ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టాడు. 1977 మార్చిలో శాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్ చేతిలో పాయింట్ల మీద ఓడిన రాత్రి, ఎండదెబ్బ తగిలినట్టు అతలాకుతలమైన స్థితిలో డ్రెస్సింగ్ రూమ్‌లోనే తనకు దైవదర్శనం లాంటి అనుభవం కలిగిందని ఫోర్‌మన్ జీవితాంతం చెప్పుకున్నాడు. ఆ తర్వాత పదేళ్లు గ్లోవ్స్ వదిలేసి ప్రబోధకుడయ్యాడు. ఈ రెండు ఓటములూ ఆయన మీద ఒకే ముద్ర వేశాయి: పంచ్ ఉంది, దమ్ము లేదు. 1987లో తిరిగి రింగ్‌లోకి వచ్చినప్పుడు వయసు మీద, బొజ్జ మీద వచ్చిన ఎగతాళి కూడా ఈ ముద్రకు తోడైంది. స్టూలు మీద కూర్చుని రొప్పుతున్న ఫోర్‌మన్‌ను చూపించడానికి కెమెరాలు కాచుకుని ఉంటాయని తెలిసిన మనిషి, ఆ బొమ్మ దొరకకుండా చేసుకున్నాడని నా నమ్మకం.

శరీరం పరంగా చూస్తే నిలబడేవారి పక్షాన కొంత న్యాయం లేకపోలేదు. పొట్ట ఉన్న భారీ మనిషి పొట్టి స్టూలు మీద ముడుచుకుని కూర్చుంటే ఊపిరి పూర్తిగా అందదు, నిలబడితే ఛాతీ విప్పారుతుంది. కూర్చుని లేచేసరికి కాళ్లు పట్టేస్తాయన్న భయం కూడా ఉత్తది కాదు. తిరుమల మెట్లెక్కేటప్పుడు మోకాళ్ల పర్వతం దగ్గర ఎక్కువసేపు కూర్చోవద్దని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. అయితే మెట్లదారిలో కూర్చోనివాడు నడుస్తూ ఉంటాడు, కండరం కదులుతూ రక్తాన్ని పైకి నెడుతూ ఉంటుంది. కార్నర్‌లో కదలకుండా నిలబడితే ఆ మేలు దక్కదు సరికదా, రక్తం కాళ్లలో ఆగి, దాన్ని పైకి తెచ్చుకునే భారం కూడా గుండె మీదే పడుతుంది. కూర్చున్న మనిషి గుండె వేగం త్వరగా దిగుతుంది. అరవై సెకన్ల విరామంలో ఈ తేడా చిన్నది కాదు.

అసలు విషయం మాత్రం గుండె వేగం కన్నా పెద్దది. విరామం అరవై సెకన్లే అయినా, బాక్సర్ మూలకు చేరేసరికి, చివరి పది సెకన్ల హెచ్చరిక వినపడేసరికి, పని చేయడానికి మిగిలేది నలభై చిల్లర సెకన్లు. అందులో మౌత్‌గార్డ్ కడగాలి, నీళ్లు పుక్కిలింపించాలి, కంటి కింద వాపును చల్లని లోహపు బిళ్లతో అదమాలి, చిట్లిన కనుబొమ్మ మీద మందులో ముంచిన దూది నొక్కి పట్టి, పైన వాజిలిన్ రాయాలి. ఎదుట కూర్చున్న మనిషి ముఖం మీద ఈ పని చేయడం వేరు, ఆరడుగుల పైన ఊగుతున్న తల మీద చేయడం వేరు. శిక్షకుడు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని కళ్లలోకి చూస్తూ రెండు ప్రశ్నలు వేస్తే, జవాబు వచ్చే తీరులోనే అతనికి చాలా అర్థమవుతుంది.

పోటీలు ఆగిన చోటు కూడా చాలాసార్లు ఆ స్టూలే. 1964లో మయామీ బీచ్‌లో ఏడో రౌండ్‌కు లేవకుండా దాని మీదే ఉండిపోయిన అప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ సోనీ లిస్టన్‌ను లోకం ఇప్పటికీ వెక్కిరిస్తుంది. 1975 అక్టోబర్ 1న మనీలాలో అలీ, జో ఫ్రేజర్‌ల పోటీలో జరిగింది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవలసిన సంగతి. పద్నాలుగు రౌండ్లు ముగిసేసరికి జో ఫ్రేజర్ కళ్లు వాచి, వచ్చే పంచ్ కనిపించని స్థితి. శిక్షకుడు ఎడ్డీ ఫచ్, రింగ్‌లో ప్రాణాలు పోవడం అంతకు ముందే కళ్లారా చూసినవాడు, ఇక చాలన్నాడు. ఫ్రేజర్ ఒప్పుకోక లేవబోయాడు. ఫచ్ అతన్ని ఆపి, కూర్చో నాయనా, అయిపోయింది, ఇవాళ నువ్వు ఇక్కడ చేసింది ఎవరూ మరచిపోరు అన్నాడు. అవతలి మూలలో గెలిచానని తెలిసి లేచి చెయ్యెత్తిన అలీ, మరుక్షణమే అక్కడే కూలబడ్డాడు. నిలబడి ఉండడం శరీరం స్థితికి సాక్ష్యం కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

నూరేళ్లు దాటిన పాత కథ కూడా ఇదే చెబుతుంది. 1889 జులై 8న మిసిసిపీలోని రిచ్‌బర్గ్‌లో జాన్ ఎల్. సల్లివన్, జేక్ కిల్‌రెయిన్ మండుటెండలో రెండు గంటలకు పైగా, 75 రౌండ్లు పాత పద్ధతిలోనే ఒట్టి చేతులతో కొట్టుకున్నారు. ఎలాగూ మళ్లీ లేవాలి కదా, కూర్చోవడం దేనికని సల్లివన్ విరామాల్లో నిలబడే ఉన్నాడని చెబుతారు. ఆ మాటను అభిమానులు నేటికీ తలుచుకుంటారు. కిల్‌రెయిన్ ప్రాణం మీదికి వస్తుందని భయపడి అతని వైపు నుంచి ఓటమి ఒప్పుకుంటున్నట్టు స్పాంజ్ విసిరిన మైక్ డోనవన్ పేరు మాత్రం ఎక్కువమందికి తెలియదు.

ఫోర్‌మన్ విషయంలో కథ సుఖాంతమైంది. 1994 నవంబర్ 5న లాస్ వేగాస్‌లో, ఒకప్పుడు అలీ మూలలో ఉన్న ఏంజెలో డండీయే ఇప్పుడు తన మూలలో ఉండగా, ముగ్గురు జడ్జీల లెక్కలోనూ వెనకబడి ఉన్న 45 ఏళ్ల ఫోర్‌మన్ పదో రౌండ్‌లో కుడిచేతి పంచ్‌తో 26 ఏళ్ల మైకేల్ మూరర్‌ను పడగొట్టాడు. పడగొట్టి, తన మూలకు వెళ్లి మోకరిల్లాడు. ఆ గెలుపుతో నిలబడే పద్ధతికి ఒక వెలుగు వచ్చింది. ఆ తర్వాత దాన్ని ఎత్తుకున్న కుర్రాళ్లకు ఆయన కారణాలు లేవు, చెరుపుకోవలసిన ముద్రా లేదు.

మన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ స్వర్ణం గెలిచిన అమెచ్యూర్ బాక్సింగ్‌లో పోటీ మూడు రౌండ్లే, విరామాలు రెండే కనుక అక్కడ ఈ గొడవకు అంత చోటు లేదు. పన్నెండు రౌండ్ల ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో విరామాలు పదకొండు. ప్రతి విరామం చివరా స్టూలు లాగేసే ముందు కార్నర్‌లోని అనుభవజ్ఞుడు ఒక క్షణం తన బాక్సర్ మోకాళ్లను చూస్తాడు. చేతులు తాళ్ల మీద ఊతం వేసి లేచాడా, ఊతం లేకుండా లేచాడా, లేచాక ఒక అడుగు పక్కకు పడిందా అన్నది చూసి, పోటీ ఆపమని రింగ్‌లోకి విసిరే తువ్వాలు చేతిలోకి తీసుకోవాలో వద్దో తేల్చుకుంటాడు. అసలు కూర్చోనే కూర్చోనివాడి విషయంలో అతనికి ఆ లేవడం చూసే వీలే ఉండదు.