కుప్పను చివకనివ్వండి

చిరంజీవులకు ఆశీస్సులు.

బడి పెరట్లో వంగ, టమాటా, బెండ వేస్తున్నామని, కంపోస్టు కూడా మీరే చేసుకుంటామని రాశారు. చాలా సంతోషం. కాపు బాగా రావాలంటే ఎరువు పూర్తిగా చివికేదాకా ఆగండి. అసలు సంగతి అక్కడే ఉంది.

ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. వాటిని చివికించే సూక్ష్మజీవులకు రెండూ కావాలి. చివకని చెత్తను మట్టిలో కలిపితే, తక్కువపడిన నత్రజనిని అవి నేలలోంచే లాక్కుంటాయి. మొక్కలు పాలిపోతాయి. పచ్చి పేడ వేస్తే వేరుపురుగు, చెదలు కూడా చేరతాయి.

అందుకే ఆ పనంతా కుప్పలోనే జరిగిపోవాలి. ఒక వంతు నత్రజనికి 25 నుంచి 30 వంతుల కర్బనం ఉంటే మంచిది. తూకాలేమీ అక్కర్లేదు. జానెడు మందాన ఎండుటాకులు పరిచి, పైన కూరగాయల తొక్కలు, పచ్చిరొట్ట పలుచగా వేసి, పేడనీళ్లు చల్లండి. అలా వరస మీద వరస, మూడడుగుల ఎత్తు దాకా. అంత ఎత్తుంటేనే లోపల వేడి నిలుస్తుంది. కొద్ది రోజుల్లో కుప్ప లోపల 55 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి కలుపు గింజలు చాలావరకు చస్తాయి. టెన్షన్ పడి నీళ్లు కుమ్మరించకండి, గాలాడక కంపు కొడుతుంది. గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, అంతే తడి. రెండు వారాలకోసారి తిరగేయండి. మూడు నాలుగు నెలలకు నల్లగా, పొడిపొడిగా, మట్టి వాసనతో తయారవుతుంది. ఇండోర్‌లో 1924-31 మధ్య ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లిష్ వృక్షశాస్త్రవేత్త మన రైతుల పద్ధతులు గమనించి శాస్త్రంగా మలిచింది దాదాపు ఈ పద్ధతినే.

ఇక కాపు సంగతి. వంద కిలోల యూరియాలో 46 కిలోల నత్రజని ఉంటుంది, వంద కిలోల పశువుల ఎరువులో అర కిలో చిల్లర. అయినా కంపోస్టు చేసే పని యూరియా చేయలేదు. నేల గుల్లబారి తడిని పట్టి ఉంచుతుంది, వేళ్లు లోతుకు దిగుతాయి. టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లడం చూశారా? తడి ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయితే కాయకు కాల్షియం సరిగా అందదు. కంపోస్టు పడిన నేలలో ఆ నష్టం తగ్గుతుంది.

కంపోస్టు ఎకరాకు పది టన్నుల లెక్కన వేయండి, అంటే సెంటుకు వంద కిలోలు. ఆఖరి దుక్కిలో కలపండి. మొదటి పంటకే బుట్టలు నిండకపోతే దిగులుపడకండి, ఏటా వేస్తేనే నేల మారుతుంది. ఒక మడికి మాత్రం కంపోస్టు వేయకుండా వదిలి, రెండింటి కాయలూ తూచి నాకు రాయండి.

మీ తాతయ్య